తారు గారూ, పాకం లేతగా వచ్చింది

విజయవాడ, ఆటోనగర్.

గౌరవనీయులైన తారు గారికి, రోజూ మీ మీద స్కూటీ నడుపుకునేవాడు నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం, నా ముందు చక్రం తప్ప.

ఎప్పుడు గాడిలో పడతావురా అని మా నాన్న పదేళ్లుగా అడుగుతున్నారు. నిన్న పడ్డాను. సిగ్నల్ దగ్గర లారీలు తొక్కి తొక్కి మీలో తీసిన గాడిలోకి టైరు దిగింది, గ్రీన్ పడింది, పక్కకి తిప్పుదామంటే అంచు ఎక్కదు, వెనకాల ఆటో అన్న హారన్ ఆపడు. లోతు రెండు వేళ్లుంది, పక్కనే మీరు ఉబ్బి గట్టు కూడా కట్టారు. గుంతయితే ఎప్పటికో ఒకప్పటికి పూడుస్తారు, ఇది గుంత కాదు కాబట్టి ఎవరి లెక్కలోకీ రాదు.

అన్నట్టు మీరు అసలు తారే కాదట, తారు బొగ్గుది, మీరు క్రూడాయిల్ శుద్ధి చేశాక అడుగున మిగిలే బిటుమెన్. అలవాటైన పిలుపు, ఏమనుకోకండి.

అమ్మ అరిసెల పాకం చూసినట్టే ల్యాబులో మీ చిక్కదనం చూస్తారు, అదీ 60 డిగ్రీల దగ్గర. ఎండాకాలం మధ్యాహ్నం రోడ్డు అంత కాలుతుంది మరి, బెజవాడ వాళ్లకి వేరే చెప్పాలా! ఆ చిక్కదనాన్ని బట్టే మీలో రకాలు, దాని కొలత పాయిజ్: వీజీ-30 రకం అయితే 2400 నుంచి 3600 పాయిజ్, ఇంకా చిక్కనైన వీజీ-40 అయితే 3200 నుంచి 4800. ఇంత ఎండా, ఇన్ని లారీలూ ఉన్నచోట ముదురుపాకం పడాలి. మాకు లేతది పోశారని నా అనుమానం.

పరిగెత్తే లారీని మీరు బాగానే ఓర్చుకుంటారు, చక్రం దాటగానే రబ్బరులా చాలావరకు లేస్తారు. అదే లారీ ఎర్రలైటుకి ఆగి నిలబడిందా, మెల్లగా జారిపోతారు, జారినదంతా వెనక్కి రాదు. ఒక్కో లారీకి వెంట్రుకవాసే, కానీ పొద్దున్నుంచీ ఎన్ని లారీలు!

ఎస్‌బీఎస్ అనే పాలిమర్ కలిపితే జీళ్లపాకంలా సాగి మళ్లీ ముడుచుకుంటారట. ఖర్చెక్కువ, కాబట్టి మాకు రాదు. మరీ ముదిరితే పగుళ్లిస్తారనీ తెలుసు, కంకర ఒకదాన్నొకటి పట్టుకోకపోయినా, మిమ్మల్ని ఎక్కువ పోసినా గాడేననీ తెలుసు. అందుకే తప్పంతా మీదే అనను.

ఒక్కటే మనవి. ఎలాగూ జారుతున్నారు కదా, ఆ గాడి సరిగ్గా నా టైరు పట్టేంత కాకుండా ఇంకాస్త వెడల్పుగా జారండి, బండి తిప్పుకుంటాను.

ఇట్లు,
మీ స్కూటీవాడు