రోబో వస్తుంది సరే, కళ్లం మాటేమిటి?

సేద్యంలోకి రోబోలు వస్తాయా అన్న ప్రశ్న పెన్నా డెల్టా రైతుకు కొత్తది కాదు. కూలీల చేతిలోని కొడవలి స్థానంలోకి కోత యంత్రం వచ్చినప్పుడే ఆయన ఈ మార్పును చూశాడు. మార్చి, ఏప్రిల్ నెలల్లో నెల్లూరు నుంచి సంగం వైపు వెళ్తే వరి కయ్యల్లో చైన్ల మీద నడిచే ఆ యంత్రాలే కనిపిస్తాయి. కోసి, పనలు ఆరబెట్టి, కుప్ప వేసి, నూర్చడానికి రోజుల తరబడి పట్టే పని కొద్ది గంటల్లో ముగుస్తోంది. కూలీలు దొరకని రైతుకు అది నిజమైన ఊరట.

ఆ తర్వాత జరిగిందేమిటో కూడా చూడాలి. పనలమీద, కుప్పల్లో గింజ ఆరే వ్యవధి పోయింది. యంత్రం నుంచి పచ్చి ధాన్యం నేరుగా ట్రాక్టరులో పడుతోంది. మద్దతు ధర రావాలంటే తేమ 17 శాతం మించకూడదు. కళ్లం లేని రైతు రోడ్డు మీదే పట్టలు పరిచి ఆరబోస్తాడు. ఊళ్లన్నీ ఒకే వారంలో కోతకు వస్తే ఆ రోడ్డూ చాలదు. అప్పుడు 850 కిలోల పుట్టిని దళారి చెప్పిన ధరకే వదులుకుంటాడు. కోతలో మిగిలిన కూలి డబ్బు అమ్మకంలో పోతుంది. ఒక్క పనినే వేగవంతం చేసే యంత్రం, భారాన్ని ఆ తర్వాతి పని మీదకు నెడుతుంది. రోబోల విషయంలో నా భయం ఇదే.

అమెరికాలో జాన్ డీర్ సంస్థ కలుపు మొక్కను కెమెరాతో గుర్తించి దానిమీదే మందు చల్లే పరిజ్ఞానం కోసం 2017లో బ్లూ రివర్ అనే సంస్థను కొన్నది. 2022లో డ్రైవరు లేని ట్రాక్టరును ప్రదర్శించింది. అవి వందల ఎకరాల కమతాల కోసం పుట్టిన యంత్రాలు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సగటు కమతం 0.94 హెక్టార్లు. ప్రతి కయ్య చివరా గట్టు దగ్గర తిరగాల్సిన చోట ఆ యంత్రాన్ని యథాతథంగా దించుకోలేం.

అయితే రోబో వెంటనే రావాల్సిన పనులూ మన దగ్గర ఉన్నాయి. ఉమ్మడి ప్రకాశం జిల్లాలో కొండపి, టంగుటూరు, పొదిలి ప్రాంతాల పొగాకు తోటలు చూడండి. ఆకు అడుగు నుంచి పైకి పక్వానికి వస్తుంది. ప్రతి విడతలో మొక్కకు రెండు మూడు ఆకులే తీయాలి. ఏది పండిందో రంగును బట్టి, చేతి స్పర్శను బట్టి కూలీలే తేలుస్తారు. ఈ నేర్పు యంత్రానికి అంత తేలిగ్గా పట్టుబడదు. కానీ అదే పనిలో మంచుకు తడిసిన ఆకు నుంచి నికోటిన్ చర్మంలోకి ఇంకి, వాంతులు, తల తిరగడం వంటి బాధలు వస్తాయి. పురుగు మందు ట్యాంకు వీపున మోస్తూ, ఎదురుగాలికి ఆ తుంపరను పీల్చే మనిషిదీ ఇదే కష్టం. ఒంటికి హాని చేసే పనినే ముందుగా యంత్రానికి అప్పగించాలి. చేతి నేర్పుతో నాలుగు కూలి డబ్బులు తెచ్చే పనిని చివరికి వదలాలి. ఏ యంత్రానికి ముందు రాయితీ ఇవ్వాలో తేల్చేటప్పుడు ఈ వరుస పాటించాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

పది లీటర్ల ట్యాంకు ఉన్న డ్రోన్‌కు ఎకరంలో మందు కొట్టడానికి పది నిమిషాలు చాలు. కేంద్రం 2023 నవంబరులో ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకంలో 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలన్నది లక్ష్యం. ధరలో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల రూపాయల సాయం ప్రకటించారు. యంత్రం ఊరి సంఘం చేతిలో ఉండి, అద్దె ఊళ్లోనే తిరిగితే మేలు. కోత యంత్రాల కోసం పొరుగు జిల్లాల యజమానుల వైపు ఎదురుచూసి, రద్దీ రోజుల్లో వారు అడిగినంత ఇచ్చిన రైతుకు ఆ తేడా తెలుసు.

చిక్కల్లా కౌలు రైతుతోనే. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద కార్డు కావాలన్నా భూ యజమాని ఒప్పుకోవాలి. కార్డు లేనివాడు సాయం అందుకునే వరుసలోకే రాడు. నాట్లు వేసేది, పెట్టుబడి పెట్టేది అతడే అయినా ఆ యంత్రం అతడికి అద్దె బిల్లుగానే కనిపిస్తుంది.

ఇక్కడ రెండో పంటగా వేసే ఎడగారు వరి కోతలు వానల్లో పడతాయి. ఆ సమయానికి ఒక్కో రైతు సేవా కేంద్రం దగ్గర ధాన్యం ఆరబెట్టే యంత్రం, దాని పక్కన సిమెంటు కళ్లం, కార్డు లేని కౌలు రైతుకూ అదే అద్దె ధర ఉండాలి. ఆ తర్వాత కయ్యల్లోకి ఏ రోబో దిగినా నాకు అభ్యంతరం లేదు.