ఏ ఈకా ఊరికే ఉండరాదు

కృష్ణుడి తలమీద నెమలి పింఛం ఎందుకుంది? పొద్దున్నే ఫ్యామిలీ గ్రూపులో ఒక జవాబు వస్తుంది. కాసేపటికి టీవీ ప్రవచనంలో ఇంకోటి వినిపిస్తుంది. మధ్యాహ్నానికి వాస్తు ఆయన మూడోది చెప్తాడు. ఒకే ఈకకు ఇన్ని అర్థాలుంటే భక్తుడు దేన్ని నమ్మాలి? అందుకే ప్రభుత్వం వెంటనే ఒక కమిటీ వేసి, పింఛానికి ఒకే ఒక్క అర్థం ఖాయం చేసి, గెజిట్‌లో ప్రకటించాలని నా డిమాండ్. కోడిగుడ్డు మీద ఈకలు పీకుతున్నానని కొందరు అనొచ్చు. ఇక్కడ ఈక నిజంగానే ఉంది కాబట్టి ఆ ఆరోపణ చెల్లదు.

అన్నిటికంటే గిరాకీ ఉన్నది బ్రహ్మచర్య సిద్ధాంతానికి. నెమలి ఆజన్మ బ్రహ్మచారి, మగనెమలి కన్నీటి బొట్టు తాగి ఆడనెమలి గర్భం దాలుస్తుంది, అంత పవిత్రమైన పక్షి కాబట్టే స్వామి దాని ఈకను తలకెత్తుకున్నాడు. 2017 మే 31న రాజస్థాన్ హైకోర్టు న్యాయమూర్తి ఒకాయన, తన పదవీ విరమణ రోజునే ఆవును జాతీయ జంతువుగా ప్రకటించాలని తీర్పు రాసి, బయటికొచ్చి విలేకరులకు ఈ మాటే చెప్పారు. హైకోర్టు మెట్లెక్కిన సంగతికి ఎదురు చెప్పేంత ధైర్యం నాకు లేదు. పేచీ అంతా భాగవతంతోనే. స్వామివారి 16,108 మంది భార్యలూ తలా పదిమంది కొడుకుల్ని కన్నారని దశమస్కంధం లెక్క చెప్తోంది. అంటే 1,61,080 మంది. ఇందులో కన్నీటి పాత్ర ఎంతో కమిటీయే తేల్చాలి.

నెమలి వైపు నుంచి చూసినా కేసు బలహీనంగానే ఉంది. పాపం మగనెమలి వానమబ్బు పట్టగానే పురి విప్పి, ఈకలు గలగలలాడించుకుంటూ గుండ్రంగా తిరుగుతుంది. ఆడనెమలి పురుగులు ఏరుకుంటూ ఓసారి తలెత్తి చూసి, నచ్చకపోతే పక్క నెమలి దగ్గరికి పోతుంది. నచ్చితే జరిగేది మిగతా పక్షుల్లో జరిగేదే. ఈ అలంకారమంతా దేనికో అంతుపట్టక డార్విన్ 1860లో అమెరికాలోని స్నేహితుడికి ఉత్తరం రాస్తూ, నెమలి ఈకను చూసినప్పుడల్లా తనకు వికారంగా ఉంటోందని వాపోయాడు. అంత బరువు మోసే పక్షి పులి నోట్లో పడకుండా ఎలా బతికి బట్టకట్టిందన్నది ఎవరికైనా వచ్చే సందేహమే. చివరికి 1871లో లావుపాటి పుస్తకం రాసి, ఇదంతా పెళ్లిచూపుల వ్యవహారమని తేల్చాడు. మన ప్రవచనకర్త ఒక్కరు ఆ ఊళ్లో ఉంటే ఆయనకు పదకొండేళ్ల టెన్షన్ తప్పేది.

దీనితో పోలిస్తే రంగుల సిద్ధాంతం మర్యాదైనది. ఈకలో ఏడు రంగులు, అవి ఏడు చక్రాలు. ఏడు కుదరకపోతే అయిదు చేసి పంచభూతాలంటారు, మూడు చేసి త్రిగుణాలంటారు. పింఛానికి అభ్యంతరం లేదు, ఎంతకైనా సర్దుకుంటుంది. చిక్కల్లా ఈకలో అసలు నీలం రంగే లేకపోవడం. రోట్లో వేసి మెత్తగా నూరితే మిగిలేది ముదురు గోధుమరంగు పొడి. మనం చూసే నీలం, ఆకుపచ్చ ఈక లోపలి సన్నటి అమరిక మీద వెలుగు పడి పుట్టేవే కానీ అద్దిన రంగులు కావు. 1665లోనే రాబర్ట్ హుక్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త దీన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి, నీళ్లలో తడిపితే రంగు మాయమవుతోందని రాశాడు. ఈ ముక్క ఒక పెద్దాయన చెవిన వేసి, ఇప్పుడేమంటారో చూద్దామని కూర్చున్నాను. ఆయన తొణకలేదు, బెణకలేదు. "చూశావా నాయనా, ఉన్నట్టు కనిపిస్తుంది, కానీ లేదు. మాయ అంటే అదే. అందుకే స్వామి ధరించాడు" అన్నారు. కమిటీ అధ్యక్షుడిగా ఆయన పేరు ప్రతిపాదిస్తున్నాను.

వాస్తువారి సంగతి మాత్రం ఉపేక్షించడానికి వీల్లేదు. ఈకను గోడకు పెడితే బల్లులు పారిపోతాయట, గల్లాపెట్టెలో పెడితే డబ్బు నిలుస్తుందట. ఉత్తరకాండ తిరగేయకుండా అనేసిన మాటలివి. మరుత్తుడనే రాజు చేస్తున్న యజ్ఞానికి రావణుడు వచ్చిపడితే దేవతలు తలో జీవిలో దూరారు. ఇంద్రుడు నెమలిలో, యముడు కాకిలో, వరుణుడు హంసలో, కుబేరుడు తొండలో. గండం గడిచాక ఇంద్రుడు తన వెయ్యి కళ్లనూ నెమలి పింఛానికి వరమిచ్చాడు. సాక్షాత్తూ ధనాధిపతిని దాచిపెట్టింది తొండ, బల్లి దానికి దాయాది. బల్లిని తరిమే ఈకే కుబేరుణ్ని ఎలా పిలుస్తుందయ్యా? మా బజారులో కిరాణా కొట్టాయన లక్ష్మీదేవి పటానికి రెండు ఈకలు గుచ్చాడు. ఆ పటం వెనకే ఒక బల్లి సంసారం చేసుకుంటోంది. సాయంత్రం లైటు వేయగానే ఈక కన్ను మీద నుంచే నడిచొచ్చి పురుగుల కోసం కాచుకుంటుంది. శుక్రవారం పూట సాంబ్రాణి ఫకీరు వచ్చి, నెమలీకల కట్టతో ఆయన గల్లానీ, తక్కెడనీ, బట్టతలనీ వరసగా తట్టి, పది రూపాయలు తీసుకుని వెళ్తాడు. అర్థమేమీ చెప్పడు. ఈ రంగంలో నాకు కనిపించిన నిజాయితీపరుడు ఆయనొక్కడే.

ఇక మూలగ్రంథం ఏమంటుందో చూద్దామంటే అక్కడే అసలు ఇబ్బంది వచ్చిపడింది. దశమస్కంధంలో గొల్లపిల్లలు దూడల్ని తోలుకుని అడవికి పోతారు. తల్లులు వాళ్లకు బంగారం, మణులు, గురివింద పూసలు అన్నీ పెట్టే పంపారు. అయినా సరిపోక, అడవిలో దొరికిన చిగుళ్లు, పూలగుత్తులు, పండ్లు, రంగుమట్టి, నెమలీకలు తగిలించుకున్నారు. కృష్ణుడొక్కడే కాదు, గుంపు మొత్తం. చక్రాల ఊసు లేదు, గుణాల ఊసు లేదు. వానాకాలం పోయేటప్పుడు నెమలికి ఏటా ఈకలు రాలతాయి, పశువుల వెంట తిరిగే కుర్రాళ్ల కాళ్లకు తగులుతాయి, వాళ్లు తీసి తలలో గుచ్చుకుంటారు. 1972 వన్యప్రాణి చట్టం కూడా నెమలిని వేటాడితే జైలంటుంది కానీ, రాలిన ఈక జోలికి రాదు. కాబట్టి ఆ పిల్లల మీద కేసు కూడా నిలవదు. మనమూ అదే వయసులో ఈకను నోటుపుస్తకంలో దాచి, పెన్సిల్ చెక్కిన పొట్టు మేతగా వేసి, పిల్లల్ని పెడుతుందని ఎదురుచూసినవాళ్లమే. అందంగా ఉంది కాబట్టి పెట్టుకున్నాడన్న మాట బయటికి పొక్కితే ఎంతమంది ఉపాధి దెబ్బతింటుంది? ఆ శ్లోకాన్ని కమిటీ పని పూర్తయ్యేదాకా పక్కన పెట్టాలని నా సిఫారసు.

క్షేత్రస్థాయిలో కూడా క్రమశిక్షణ తప్పుతోంది. కృష్ణాష్టమికి స్కూల్లో ఓ ఎల్‌కేజీ కృష్ణుడు, ఎలాస్టిక్ గడ్డం కింద కోస్తోందని అట్ట కిరీటం పీకి అవతల పడేశాడు. అందులోంచి ఈకను మాత్రం లాక్కుని, పక్కనున్న రాధ ముక్కులో పెడుతున్నాడు. పంచభూతాల మీద వాళ్లమ్మ నేర్పిన నాలుగు ముక్కలూ గాలికి పోయాయి.

పనిలో పనిగా కమిటీ పరిధి కూడా పెంచాలి. పింఛం దగ్గర ఇంత తొక్కిసలాట జరుగుతుంటే మిగతా సరంజామాను పట్టించుకునే నాథుడు లేడు. మన పోతనగారి కృష్ణుడు అడవిలో చల్దులారగించేటప్పుడు ఎడమచేతిలో మీగడ పెరుగు కలిపిన చద్దిముద్ద పెట్టుకుని, వేళ్ల సందుల్లో ఊరగాయలు ఇరికించుకుంటాడు. సంస్కృతంలో పండ్లు అని ఉన్నవి తెలుగుదేశం రాగానే ఊరగాయలయ్యాయి. చేతికి సందులు నాలుగు, పురుషార్థాలూ నాలుగే. ఇంత స్పష్టమైన సంకేతం మీద నేను విన్నంతలో ఒక్క ప్రవచనం కూడా లేదు. ఉసిరికాయ ధర్మమా, నిమ్మకాయ మోక్షమా అన్నది పెద్దలు కూర్చుని మాట్లాడుకోవచ్చు. ఆవకాయ పేరు మాత్రం ఎవరూ ఎత్తొద్దు. పోతన నాటికి ఈ దేశంలో మిరపకాయ లేదు.