మందు ఆవు వీపు మీద, గోమార్లు గోడ సందుల్లో

నాలుగు వానలు పడి పచ్చగడ్డి కనపడితే చాలు, మన అనంతపురం పల్లెల్లో పొద్దున్నే ఆవు చెవి మడిచి చూసే పని మొదలవుతుంది. చెవి లోపల, తోక కింద, పొదుగు సందులో, గంగడోలు మడతల్లో రక్తం తాగి ఉబ్బిన గోమార్లు, కొందరు పిడుదులంటారు, అచ్చం ఆముదం గింజల్లాగే ఉంటాయి. ఆముదం చెట్టుకి శాస్త్రంలో ఉన్న పేరు రిసినస్, లాటిన్‌లో ఆ మాటకి గోమారి అనే అర్థమంట, ఈ పోలిక మనకే తట్టింది కాదన్నమాట. ఇంట్లో అవ్వ ఒక్కోదాన్నీ పీకి కిరసనాయిల్ డబ్బాలో వేస్తుంది, ఈ రోజు యాభై ఏరితే రేపు మళ్లీ యాభై. ఏడ నుంచి వస్తాయవ్వా అంటే గాలికి పుడతాయి నాయనా అంటుంది.

గాలికి పుట్టవు, కొట్టంలోనే పుడతాయి. కడుపు నిండిన ఆడ గోమారి కిందికి రాలి గోడ పగుల్లోకో బండల సందులోకో పేడకుప్ప పక్కకో పాకి, అక్కడ రెండు మూడు వేల గుడ్లు పెట్టి చచ్చిపోతుంది, వాటిలోంచి ఆరు కాళ్లతో ఆవగింజ కంటే చిన్న పిల్లలు వచ్చి గడ్డిపోచ కొసకి ఎక్కి ముందుకాళ్లు చాపుకొని కూర్చుంటాయి, ఊపిరో వేడో తగిలిందా పట్టేసుకుంటాయి. తిండి లేకున్నా నెలలు కాచుకుంటాయి. మనం చేసేదేమో ఆవు వీపు మీద మందు కొట్టి చేతులు కడుక్కోవడం!

లోన్ తెచ్చి జెర్సీ ఆవు కొన్న ఇంట్లో దీని దెబ్బ బాగా తెలుస్తుంది. హయలోమా రకం గోమారి థైలేరియా అనే రోగక్రిమిని మోసుకొస్తే 104, 105 డిగ్రీల జ్వరం, భుజం ముందు గడ్డ, మేత ముట్టదు, రక్తం తగ్గి కనురెప్పల లోపల తెల్లబారిపోతుంది. ఇంకో రకం గోమారితో వచ్చే బెబీసియా రోగంలో మూత్రం కాఫీ డికాషన్‌లా పడుతుంది. నాటు ఆవులు చాలావరకు తట్టుకుంటాయి, సంకరజాతికి ఆ శక్తి తక్కువ. థైలేరియాకి బూపర్వాకోన్ ఇంజెక్షన్ ఉంది, టీకా కూడా ఉంది, కానీ డాక్టర్ దగ్గరికి పోయేసరికే ఆవు లేవలేని స్థితిలో ఉంటుంది, పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ కొట్టాల్సింది మొదటి రోజు జ్వరానికే.

చేనుకి తెచ్చిన పురుగుమందునే అంచనాగా నీళ్లలో కలిపి కొట్టేవాళ్లున్నారు, ఆవు నాక్కుంటే చొంగ కారి వణికి పడిపోతుంది. సగం మోతాదు కొడితే ఇంకో తంటా, చావకుండా మిగిలిన గోమార్ల సంతానానికి ఆ మందు పనిచేయదు. గోమార్లకి వాడే ఐవర్‌మెక్టిన్ మందు పాలిచ్చే ఆవుకి వేస్తే పాలల్లోకి వస్తుంది, ఆ పాలు మన పిల్లలే తాగుతారు.

అమెరికాలో పశువుల టెక్సాస్ జ్వరం గోమార్ల వల్లేనని స్మిత్, కిల్‌బోర్న్ అనే పరిశోధకులు 1893లో తేల్చినారు. 1906 నుంచి అక్కడి ప్రభుత్వం ఏరియా ఏరియాగా పశువులన్నిట్నీ మందు తొట్లలో ముంచుతూ పోయింది, కోపమొచ్చి ఆ తొట్లని డైనమైట్‌తో పేల్చిన రైతులూ ఉన్నారు, అయినా ఆపలేదు, 1943కల్లా మెక్సికో సరిహద్దు దగ్గర తప్ప మిగతాచోట్ల ఆ గోమార్లు పోయినాయి. మనం డైనమైట్ దాకా పోనక్కర్లేదు గానీ, గాలికుంటు టీకాకి ఇల్లిల్లూ తిరిగే పశుసంవర్ధక శాఖ గోమార్లకి మాత్రం ఎవరి తిప్పలు వాళ్లు పడమంటే ఎట్లా? ఒక ఇంట్లో కొట్టి పక్కింట్లో కొట్టకపోతే వారానికల్లా మామూలే. ఊరంతా ఒకే రోజు, డాక్టర్ చెప్పిన మోతాదులో, పశువులకీ గొర్రెలకీ కుక్కలకీ కొట్టాల, అదే రోజు కొట్టం గోడలకీ కొట్టాల, రెండు మూడు వారాలకి ఇంకోసారి. పగుళ్లు సిమెంటుతో పూడ్చి సున్నం వేయడానికి పంచాయతీ చెయ్యేస్తే బాగుంటుంది. కొట్టంలో నాటు కోళ్లని వదిలితే అవీ ఏరుకు తింటాయి, అదొక్కటే చాలనుకుంటే మాత్రం కష్టం.

మనుషుల సంగతికొస్తే, స్క్రబ్ టైఫస్ జ్వరం వార్త వచ్చినప్పుడల్లా గోమార్ల మీద పడుతున్నారు, అది వేరే, మంచం నల్లి కాదు, మైట్ అనే నల్లి జాతి చిన్న పిల్ల పురుగు కుడితే వస్తుంది. కుక్క గోమారితో వచ్చే టైఫస్ జ్వరం మాత్రం నిజమే, అరచేతుల్లో కూడా దద్దుర్లు వస్తాయి. అందుకే గోమారిని వేళ్లతో చిదమొద్దు, పట్టకారుతో చర్మం దగ్గర పట్టి నిదానంగా లాగాల.

వేరుశనగ పీకినాక మందలు తుంగభద్ర కాలువ కిందికి మేతకి కదులుతాయి, గోమార్లూ వాటితోనే పోయి వాటితోనే వస్తాయి. మందలు కదిలేలోపు శాఖ ఊర్లవారీగా తేదీలు ఇస్తే ఆ చాటింపు మా పేపర్లో ఫ్రీగా వేస్తాం.