వేయించిన కాఫీ గింజ ఏడాది సరుకు కాదు

తిరుపతిలో కాపురముండే ఇంటికి దర్శనానికి వచ్చే బంధువులు ఏడాది పొడుగునా ఉంటారు. తెల్లవారుజామున కొండకు బయలుదేరేవాళ్లకైనా, అర్ధరాత్రి కొండ దిగి వచ్చినవాళ్లకైనా ఒక గ్లాసు కాఫీ ఇవ్వకుండా పంపడం ఇక్కడి ఇళ్లలో మర్యాద కాదు. అందుకే మన వంటిళ్లలో కాఫీ కిలోల లెక్కన నిల్వ ఉంటుంది. పొడి మాని గింజలు తెచ్చుకుని, ఎప్పటికప్పుడు మరపట్టుకునే కుటుంబాలు ఇప్పుడు తిరుపతిలోనూ చిత్తూరులోనూ కనిపిస్తున్నాయి. మంచి మార్పే. అయితే వాళ్లందరూ అడిగే మొదటి ప్రశ్న, గింజలు ఏ డబ్బాలో పోయాలన్నది. నా దృష్టిలో అది ఆఖరున అడగవలసిన ప్రశ్న. ఆ గింజలను ఎప్పుడు వేయించారు, ఒక్కసారికి ఎంత కొన్నారు అన్న రెండు సంగతులు తేలకుండా ఎంత ఖరీదైన డబ్బా కొన్నా ప్రయోజనం లేదు.

మన ఇళ్లలో సరుకులకు రెండు వరుసలున్నాయి. చింతపండు, ఎండుమిరప, కందిపప్పు ఏడాది సరుకులు. బియ్యమైతే పాతబడేకొద్దీ అన్నం పొడిపొడిగా వస్తుందని వెతికి మరీ పాతవి తెచ్చుకుంటాం. పాలు, ఆకుకూరలు, తమలపాకులు, మల్లెపూలు ఏ పూటకాపూట తెచ్చుకునేవి. వేయించిన కాఫీ గింజ చూడటానికి పప్పుదినుసులా ఎండుగా, గట్టిగా ఉంటుంది కనుక దాన్ని మొదటి వరుసలో చేర్చేశాం. స్వభావాన్ని బట్టి చూస్తే దాని చోటు మల్లెపూల పక్కన. పచ్చి గింజ సంగతి వేరు. పదకొండు శాతం అటూఇటూ తేమ మిగిలేలా ఆరబెట్టిన పచ్చి గింజ, తడి తగలని చల్లని చోట ఉంటే నెలల తరబడి నిలుస్తుంది. మా అవ్వ తరంలో ఇళ్లకు వచ్చింది ఆ పచ్చి గింజే. కావలసినంత మాత్రం మూకుడులో వేయించి, బల్లకు బిగించిన చేతిమరలో ఏ రోజుకారోజు తిప్పుకునేవాళ్లు. వేయించే పనిని మనం అంగడికి అప్పగించాం కానీ, నిల్వ చేసే అలవాటును మాత్రం పచ్చి గింజల కాలం నాటిదే ఉంచుకున్నాం. చప్పబడిన కాఫీకి అసలు కారణం ఇదే.

గింజను 200 డిగ్రీలు దాటిన వేడిలో వేయించినప్పుడు దాని లోపల బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) పుడుతుంది. అది ఒక్కసారిగా పోదు, రోజుల తరబడి కొద్దికొద్దిగా బయటికి వస్తుంది. ప్యాకెట్టు మీద బొత్తంలాంటి చిన్న కవాటం పెట్టేది ఆ వాయువు బయటికి పోయి, గాలి లోపలికి రాకుండా ఉండటానికే. ఆ వాయువు తగ్గేకొద్దీ గాలిలోని ఆమ్లజని (ఆక్సిజన్) గింజలోని నూనెలనూ పరిమళ ద్రవ్యాలనూ తాకి పాడుచేస్తుంది. తేమ, వేడి, వెలుతురు ఆ పనిని వేగిరం చేస్తాయి. పొడి కొడితే గాలి తగిలే మేర ఎన్నో రెట్లు పెరుగుతుంది కాబట్టి గింజలో వారాలు పట్టే నష్టం పొడిలో రోజుల్లోనే జరిగిపోతుంది. మర తిరిగే అంగడి ముందు నడుస్తుంటే గాంధీ రోడ్డులో ఆ వాసన మనల్ని నిలబెట్టేస్తుంది. కానీ వీధికి చేరిన వాసన ఇంకెన్నటికీ మన గ్లాసుకు చేరదు. అలమార తలుపు తీయగానే గుప్పున కొట్టే కాఫీ వాసన కూడా డబ్బా మూత సరిగా లేదని చెప్పే గుర్తే.

వేయించిన గింజలు మామూలు గది వేడిలో రెండు నుంచి నాలుగు వారాల పాటు బాగుంటాయని చాలా చోట్ల రాస్తారు. ఆ గది ఎవరిది అన్నదే నా ప్రశ్న. ఆ లెక్కలు చాలావరకు ఇరవై, ఇరవై రెండు డిగ్రీలుండే చలిదేశాల ఇళ్లను దృష్టిలో పెట్టుకుని వేసినవి. మే నెలలో తిరుపతి ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, పొయ్యి వెలిగే వంటింట్లో ముప్పై అయిదు మామూలు. పది డిగ్రీలు పెరిగితే ఇలాంటి రసాయన చర్యల వేగం ఇంచుమించు రెట్టింపవుతుందన్నది రసాయన శాస్త్రంలో వాడే మోటు లెక్క. దాని ప్రకారం చూసినా అక్కడి రెండు వారాలు మనకు ఒక వారం లోపే. అందువల్ల వేసవిలో ఈ ప్రాంతపు ఇల్లు వారానికి సరిపడా గింజలు మాత్రమే బయట ఉంచుకోవాలి. కార్తీకంలో వానలు పట్టుకున్నప్పుడు ఎండ తగ్గినా గాలిలో తేమ పెరుగుతుంది కాబట్టి అప్పుడూ వెసులుబాటేమీ లేదు. తేమ ఎంత పని చేయగలదో మలబారు తీరంలో చూడవచ్చు. అక్కడ పచ్చి గింజలను వానకాలపు గాలికి కావాలనే ఆరబోస్తే అవి ఉబ్బి, రంగు మారి, రుచే వేరైపోతుంది. దానికి ప్రత్యేకమైన పేరు, ఆ ప్రాంతపు సరుకని చట్టం ఇచ్చే భౌగోళిక గుర్తింపు కూడా ఉన్నాయి.

ఇక ఫ్రిజ్. దోసె పిండి, కరివేపాకు, తరిగిన ఉల్లిపాయ ఉన్న అరలో కాఫీ డబ్బా పెట్టడం నాకు బొత్తిగా గిట్టని అలవాటు. ఫ్రిజ్‌లో దుర్వాసన పోవాలని కాఫీ పొడి గిన్నె పెట్టేవాళ్లు ఉన్నారు. వాసనను అంతగా పీల్చుకునే వస్తువునే తాగడానికి కూడా అదే అరలో ఉంచుతున్నాం. చల్లని డబ్బాను బయటికి తీసి మూత తెరిచిన ప్రతిసారీ గాలిలోని తేమ గింజల మీద చెమటలా పడుతుంది. ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే ఒప్పుకోని ఇల్లాలు, కాఫీ గింజల మీద రోజూ తడి పడటాన్ని ఎందుకు సహించాలి? పొయ్యికి దూరంగా ఉన్న గూట్లో, బిగువైన మూత గల స్టీలు డబ్బా చాలు. గాజు సీసా అయితే వెలుతురు సోకని చోట ఉండాలి. సరుకు తగ్గేకొద్దీ చిన్న డబ్బాలోకి మార్చుకుంటే లోపల గాలికి చోటుండదు.

చెప్పాపెట్టకుండా బంధువులు దిగే ఊళ్లో వారానికో పావుకిలో కొనమంటే ఎలా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన మాటే, ముఖ్యంగా మంచి గింజలు చెన్నై నుంచో బెంగళూరు నుంచో తెప్పించుకునేవాళ్లకు. వాళ్లకు ఫ్రిజ్ మాటెలా ఉన్నా దాని పైనున్న ఫ్రీజరు పనికొస్తుంది. గింజలను, పొడిని కాదు, నూరు గ్రాముల చొప్పున గాలి చొరని పొట్లాలుగా కట్టి అందులో పెట్టాలి. ఒక్కొక్కటే తీసి, బయటి వేడికి వచ్చేదాకా ఆగి, అప్పుడే విప్పాలి. విప్పినదాన్ని మళ్లీ లోపల పెట్టకూడదు. అంతకుమించి చిట్కా ఏదీ అక్కరలేదు.

ఇంత చేసినా, రెండు నెలల కిందట వేయించిన గింజను ఇంటికి తెస్తే మనం కాపాడేదేముంది? నేను కాఫీ కొనే అంగడిలో ఎప్పుడడిగినా "నిన్ననే వేయించినాము సార్" అంటారు. నిన్నటిదో పోయిన నెలదో తెలుసుకునే దారి నాకు లేదు. ప్యాకెట్టు మీద తయారీ తేదీ గానీ ప్యాకింగ్ తేదీ గానీ ఉంటుంది, ఎప్పటిలోగా వాడాలో ఉంటుంది. కాఫీ ఎంత, అందులో కలిపే చికోరీ వేరు పొడి ఎంత అన్నది కూడా శాతాల్లో రాయాలని, కలిపిన పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గరాదని మన ఆహార నిబంధనలు చెబుతున్నాయి. కానీ రుచిని నిర్ణయించే అసలు తేదీని, అంటే వేయించిన తేదీని, విడిగా వేయమని ఎవరూ అడగడం లేదు. మార్చిలో వేయించి, గోనెసంచిలో ఉంచి, ఏప్రిల్‌లో ప్యాకెట్టు కడితే మన చేతికి వచ్చేది ఏప్రిల్ సరుకులా కనిపిస్తుంది. పాల ప్యాకెట్టు మీద తేదీ చూడకుండా కొనని మనం, కిలో వందల రూపాయలు పోసే కాఫీ దగ్గర మాత్రం అంగడివాళ్ల నోటిమాట మీద ఆధారపడుతున్నాం. విడిగా తూచి ఇచ్చే కాగితం పొట్లం మీద కూడా పెన్సిలుతో ఆ తేదీ రాసి ఇవ్వడం కష్టమేమీ కాదు.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి నా వరకు కారణం అరకు. 2019లో అరకు అరబికా రకం కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు రాష్ట్రమంతా సంతోషించాం. అక్కడి గిరిజన రైతు సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మిరియాల తీగల మధ్య తోట పెంచుతాడు. పంట కాలంలో ఎర్రగా పండిన కాయలనే ఏరి కోసి, తొక్క తీసి, కడిగి, తేమ సరిగ్గా దిగేదాకా రోజుల తరబడి ఆరబెడతాడు. అంత శ్రద్ధతో వచ్చిన గింజ వేయించిన తర్వాత తేదీ లేని సంచిలో నెలలు గడిపితే, తాగినవాడు అరకు కాఫీ ఇంతేనా అనుకుని మళ్లీ చిక్కమగళూరు పొడికే వెళ్లిపోతాడు. తప్పు నిల్వలో జరిగితే చెడ్డపేరు రైతుకు వస్తుంది. ఆ రైతుల పంట కొనే గిరిజన సహకార సంస్థ మొదలు మన వీధి చివరి మర అంగడి దాకా, అరకు పేరుతో అమ్మే ప్రతి పొట్లం మీదా వేయించిన తేదీ ఉండాలి. ఆ తేదీ ఉన్న పొట్లమే కొంటామని ముందుగా అడగవలసింది ఏటా ఇంతమంది అతిథులకు కాఫీ కలిపే తిరుపతి ఇళ్లవాళ్లు.