రక్తం తెచ్చే పని పేషెంటు వాళ్లదా?

"రెండు యూనిట్లకి డోనర్లని తెచ్చి పెట్టండి, అప్పుడే మేం రెండు యూనిట్లు ఇస్తాం." ఈ రోజు పొద్దున బెంగళూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి కౌంటర్లో అన్న మాట ఇది. ఎవరితో అన్నారో తెలుసా? కాన్పు గదిలో రక్తం పోతున్న ఆడమనిషి భర్తతో!

మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్‌లో పని చేసే అక్కది మదనపల్లె వైపు. కాన్పు ఆమె చెల్లెలికే. మరిది బేల్దారి పని చేస్తాడు. ఈ ఊరికి కొత్త, కన్నడ రాదు, మేస్త్రీ తప్ప తెలిసినవాళ్లు లేరు. పెళ్లాం పక్కన ఉండాల్సిన మనిషిని డోనర్లని పట్టుకురమ్మని బయటికి తోలారు. తోటి కూలీల్లో ఒకతను వెంటనే ముందుకొచ్చాడు, 45 కిలోల బరువు లేడని తిప్పి పంపారు. ఇంకొకతను "రక్తం ఇస్తే రేపు మూటలు ఎత్తలేను మామా" అన్నాడట. అతన్ని నేనేమీ అనను. రక్తం ఇచ్చిన రోజు బరువులు ఎత్తొద్దని డాక్టర్లే చెబుతారు. ఆ రోజు కూలి అతనికి ఎవరిస్తారు?

ఈలోపు గేటు దగ్గర ఒకడు తగులుకున్నాడు. డబ్బులిస్తే తమ్ముణ్ణని రాయించి రక్తం ఇస్తాడట. అక్క నాకు ఫోన్ చేసి ఏడుస్తోంది, "ఇచ్చేద్దామా మేడమ్?" అని.

సుప్రీంకోర్టు 1996లో ఆపమన్నది ఇదే కదా! 1998 జనవరి 1 నుంచి డబ్బులకి రక్తం ఇచ్చే పద్ధతే ఉండకూడదని చెప్పింది. 2002లో వచ్చిన జాతీయ రక్త విధానం బంధువుల చేత బదులు రక్తం పెట్టించడం కూడా మెల్లగా మాన్పించాలంది. ఇష్టపడి వచ్చి ఇచ్చేవాళ్ల రక్తంతోనే దేశం అవసరం తీరాలంది. ఇరవై ఏళ్లు దాటినా మనం ఇంకా ఆసుపత్రి గేటు దగ్గరే ఉన్నాం. కౌంటర్లో కుర్రాడికి ఫోన్లో ఇదంతా చెబితే "మా దగ్గర రూల్ ఇదే మేడమ్" అన్నాడు. లోపల ఫ్రిజ్‌లో బ్యాగులు ఉన్నాయట, అదీ అతనే చెప్పాడు.

నేనే వెళ్లేదాన్ని, కానీ కిందటిసారి ఇచ్చి ఇంకా 120 రోజులు కాలేదు. అపార్ట్‌మెంట్ గ్రూపులో రాస్తే ఇద్దరు వెళ్లి ఇచ్చొచ్చారు. తల్లీ బిడ్డా బాగున్నారు. మరి అలాంటి గ్రూపులో రాసిపెట్టే మనిషి లేని వాళ్ల గతేంటి?

పైగా ఇలా పట్టుకొచ్చిన డోనరు ఫారంలో నిజం రాస్తాడా? కామెర్లు వచ్చాయా, ఈ మధ్య టాటూ వేయించుకున్నావా అని అడుగుతారు. చెల్లెలి ప్రాణం మీదికొస్తే ఎవరైనా "లేదు" అనే టిక్ పెడతారు. హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలన్నీ చేస్తారు, నిజమే. కానీ ఇన్ఫెక్షన్ కొత్తగా సోకిన రోజుల్లో పరీక్షకి చిక్కకపోవచ్చు. ఎవరి బలవంతమూ లేకుండా మళ్లీ మళ్లీ వచ్చి ఇచ్చేవాళ్లు కావాలని ప్రపంచమంతా మొత్తుకునేది అందుకే.

అలాంటివాళ్లు మన ఊళ్లో లేరా? బోలెడంత మంది ఉన్నారు! కంపెనీ పుట్టినరోజుకి క్యాంపు, హీరో పుట్టినరోజుకి క్యాంపు, నాయకుడి పుట్టినరోజుకి క్యాంపు, ప్రపంచ రక్తదాతల దినమని జూన్ 14కి ఒకటి, జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినమని అక్టోబర్ 1కి ఒకటి. అందరూ ఒకే రోజు ఇచ్చేస్తే ఏం లాభం? ఎర్ర కణాలు ఎంత బాగా దాచినా 42 రోజులే, ప్లేట్‌లెట్లు 5 రోజులే. ఒక్కరోజు సంపు పొంగిపోయేలా నింపి, మిగతా నెలంతా ట్యాంకర్ కోసం ఎదురుచూసినట్టుంది మన పద్ధతి. మే నెలలో కాలేజీలకి సెలవులు. సంక్రాంతికి, దసరాకి సగం తెలుగు బెంగళూరు బస్సెక్కి ఊరెళ్లిపోతుంది. వానలు పడగానే డెంగీ, ప్లేట్‌లెట్ల కోసం పరుగులు. మా ఆఫీసులో ఆ రోజుల్లో క్యాంపు పెట్టగా నేను చూడలేదు.

ఆడపిల్లల సంగతైతే చెప్పనే వద్దు. అనంతపురంలో కాలేజీలో ఉండగా మొదటిసారి లైన్లో నిలబడ్డాను. హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి, నాకు లేదు. వేలు గుచ్చినాయన అందరి ముందూ "నీకే లేదు, నువ్వేం ఇస్తావమ్మా" అన్నాడు. లైనంతా నవ్వింది. డాక్టర్‌కి చూపించుకో, మాత్రలు వాడి కొన్ని నెలలాగి మళ్లీ రా అని ఆ రెండు ముక్కలు చెప్పినవాళ్లు లేరు. ఉద్యోగంలో చేరేదాకా మళ్లీ ఏ క్యాంపు వైపూ వెళ్లలేదు. నాతో పాటు వెనక్కొచ్చిన పిల్లల్లో ఎంతమంది ఇప్పటికీ వెళ్లలేదో! 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే పిల్ల ఇవాళ రక్తం ఇవ్వలేదు, రేపు కాన్పులో తనకే రక్తం ఎక్కించాలి. అక్క చెల్లెలికి జరిగింది అదే. నెలలు నిండేదాకా ఆమెకి రక్తం తక్కువగా ఉందని ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు.

హెచ్ఆర్‌లో ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి ఏడాదికొక పెద్ద జాతర మానేసి నాలుగు చిన్న క్యాంపులు పెట్టించండి. మేలో ఒకటి తప్పకుండా. మాకు టీషర్టు వద్దు, ఫొటో ఫ్రేమూ వద్దు. ఆ డబ్బుతో రక్తకేంద్రంలో ఫోన్లు చేసే మనిషిని పెట్టించండి. నేను ఇచ్చిన ప్రతిచోటా నా ఫోన్ నంబరు, బ్లడ్ గ్రూపు రాసుకున్నారు. దీపావళి శుభాకాంక్షలు వస్తాయి, హెల్త్ చెకప్ ఆఫర్లు వస్తాయి. మగవాళ్లకి 90 రోజులు, ఆడవాళ్లకి 120 రోజులు దాటగానే "మీరు మళ్లీ ఇవ్వొచ్చు, ఈ వారం రాగలరా?" అని అడిగే ఫోను మాత్రం ఇప్పటిదాకా ఒక్కటీ రాలేదు.