ఏడు ప్రశ్నార్థకాల విజయవాడ

విజయవాడ, గుంటూరు కాల్ సెంటర్లకు రిపోర్టింగ్ సాఫ్ట్‌వేర్ చేసిచ్చేవారిలో, కొనిపెట్టేవారిలో మనవాళ్లూ ఉన్నారు. వారికే ఈ మాట. ‘యూనికోడ్ సపోర్ట్ ఉంది’, అంటే అన్ని భాషల అక్షరాలూ నిలుస్తాయి అని అమ్మేవాళ్లు చెబితే నమ్మి సంతకం పెట్టకండి. ఫిర్యాదు రాసుకునే ఏజెంటు తెలుగులో కొట్టిన ఊరిపేరు నెలాఖరు రిపోర్టులో చెక్కుచెదరకుండా కనిపించాలి. అప్పుడే తెలుగు ఉన్నట్టు.

‘విజయవాడ’ కంటికి ఐదక్షరాలే. గుడి, దీర్ఘం విడిగా లెక్కకొస్తాయి కాబట్టి యూనికోడ్‌లో 7 కోడ్‌లు. ఆ కోడ్‌లను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి 3 చొప్పున 21 బైట్లు. పేరు దాచే గడి (ఫీల్డు) 20 బైట్లదైతే చివరి ‘డ’ తెగిపోతుంది.

పేరు పాడైన తీరును బట్టే రోగం తెలుస్తుంది. నెత్తిన గీత ఉన్న ఇంగ్లిష్ ‘ఏ’, పక్కన డిగ్రీ గుర్తు పదేపదే వస్తుంటే డేటా చాలావరకు భద్రమే, చదివే పద్ధతి తప్పు. కామాలతో విడదీసిన సీఎస్‌వీ ఫైలును ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే జరిగేది ఇదే. డేటా మెనూలోంచి ఫైలును తెచ్చుకుని, 65001 యూటీఎఫ్-8 ఎంచుకుంటే సరి. ఫైలు మొదట్లో, ఇది యూటీఎఫ్-8 అని చెప్పే 3 బైట్ల బామ్ గుర్తు రాయించడం ఇంకా మేలు. పాపం, సూపర్‌వైజరుకు రోజూ ఆ తిప్పలుండవు.

‘విజయవాడ’ బదులు ఏడు ప్రశ్నార్థకాలు కనిపిస్తే మాత్రం పేరు పోయినట్టే, ఏ ఫాంటూ తిరిగి తేలేదు. కారణం డేటాబేసులో పశ్చిమ యూరప్ అక్షరాలకే చోటున్న లాటిన్1 కాలమ్, లేదా ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో యూనికోడ్‌ను దాచే ఎన్‌వార్‌చార్ బదులు వాడిన మామూలు వార్‌చార్. మైఎస్‌క్యూఎల్ డేటాబేసులో 8.0 నుంచి డిఫాల్ట్, యూనికోడ్ అంతటినీ దాచే యూటీఎఫ్8ఎంబీ4 అయినా, అప్‌గ్రేడ్ చేసినంత మాత్రాన పాత టేబుళ్లు మారవు. వాటిని విడిగా మార్చాలి.

ఎవరూ పట్టించుకోనిది లెక్కల తప్పు. ‘అరండల్‌పేట’లో ‘ల్’ తర్వాత వత్తు కలవకుండా ఆపే, కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఒకరు పెడతారు, ఒకరు ఖాళీ వదులుతారు, ఇంకొకరు వత్తు కలిపేస్తారు. ‘మైలవరం’లో ఐత్వం ఒకే కోడ్‌గానూ రావచ్చు, రెండు ముక్కలుగానూ రావచ్చు. కోడ్‌ను కోడ్‌తో పోల్చే ప్రోగ్రాముకు ఇవన్నీ వేర్వేరు ఊళ్లు. ఫిర్యాదులు చీలిపోయి, ఎక్కువున్న పేట జాబితాలో కిందికి జారుతుంది. ఐత్వానికి, ముక్కలను ఒకే కోడ్‌గా కలిపే ఎన్ఎఫ్‌సీ నార్మలైజేషన్ చాలు. నాన్ జాయినర్‌ను అది తీయదు. పోలికకు ముందు విడిగా తీసేయాలి. ఊళ్లకు కోడ్ నంబర్లిచ్చి, జాబితాలోంచి ఎంచుకోనివ్వడం అన్నిటికన్నా గట్టి పద్ధతి.

‘ఇంగ్లిషు అక్షరాల్లో రాయించండి’ అనే సలహా మాకు నచ్చదు. గుంటూరుకు ‘యూ’ పెట్టేవారు కొందరు, రెండు ‘ఓ’లు పెట్టేవారు కొందరు. చీలిక అక్కడా తప్పదు, పైగా ఫిర్యాదుదారు మాట ఆయన భాషలో మిగలదు.

పీడీఎఫ్‌లో తెలుగు ఫాంటు పొదిగి ఉండాలి, వత్తులు కూర్చే షేపింగ్ పనిచేయాలి. లేకపోతే ‘కృష్ణా’లో ణ-వత్తు కిందికి దిగక, పొల్లు పక్కన విడిగా నిలబడుతుంది.

అరండల్‌పేట, మైలవరం, కృష్ణా. ఈ మూడు పేర్లనూ ఏజెంటు తెర నుంచి డేటాబేసు, ఎక్సెల్, పీడీఎఫ్ దాకా మీ ముందే నడిపించి చూపమనండి. చివరి వాయిదా సొమ్ము ఆ తర్వాతే ఇవ్వండి.