బాధపడతారని దాచడం

‘ట్వంటియత్ సెంచరీ గర్ల్’ అనే కొరియన్ సినిమా 2022 అక్టోబరులో నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైంది. అమెరికాలో మన తెలుగు ఇళ్లలోని హైస్కూలు పిల్లల్లో చాలామంది దాన్ని చూసి, గది తలుపు వేసుకుని ఏడ్చే ఉంటారు. ఆ సినిమాను తల్లిదండ్రులు కూడా చూడాలని నా పట్టుదల. ముగింపు చెప్పక తప్పదు కనుక, ముందు సినిమా చూడాలనుకునేవారు ఈ వ్యాసాన్ని తర్వాత చదవండి.

కథ 1999లో, చోంగ్‌జు నగరంలో జరుగుతుంది. పేజర్లు, ఫోను బూత్‌లు, వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే దుకాణం. ఆ దుకాణం పదిహేడేళ్ల బోరా వాళ్లదే. ఆమె ప్రాణస్నేహితురాలు యోన్‌దు గుండె ఆపరేషన్ కోసం అమెరికా వెళుతూ, తాను మనసు పారేసుకున్న హ్యోన్‌జిన్ సంగతులన్నీ కనిపెట్టి ఈమెయిల్‌లో రాయమంటుంది. ఆ పని మీద తిరుగుతూ బోరా అతని స్నేహితుడు ఉన్‌హోను ఇష్టపడుతుంది. తీరా యోన్‌దు తిరిగొచ్చాక తెలుస్తుంది, ఆమె మనసు పారేసుకున్నది నిజానికి ఉన్‌హో మీదే అని. ఆమె చూసిన రోజు అతని దగ్గర ఉన్నది స్నేహితుడి యూనిఫాం కోటు. దాని మీది పేరు చూసి ఆమె పొరబడింది.

బోరా నోరు విప్పదు. స్నేహితురాలు బాధపడుతుందని తన ప్రేమను దాచి, ఉన్‌హోను తప్పించుకు తిరుగుతుంది. బాంగ్ ఊ-రి అనే దర్శకురాలికి ఇది మొదటి పూర్తి నిడివి చిత్రం. అయినా ఈ మౌనాన్ని ఆమె ఎంత ఓపికగా చూపించారో! బోరాగా నటించిన కిమ్ యూజంగ్ నవ్వుతూనే ఉంటుంది, కళ్లు మాత్రం వేరే మాట చెబుతుంటాయి.

ఒకరి మనసు ఒకరికి తెలిసేసరికి ఉన్‌హో న్యూజిలాండ్ వెళ్లిపోతాడు. కొన్నాళ్లు ఈమెయిళ్లు నడుస్తాయి, తర్వాత ఆగిపోతాయి. మరిచిపోయాడనుకుంటుంది బోరా. 2019లో ఒక వీడియో క్యాసెట్ వస్తుంది. అప్పుడు తెలుస్తుంది, అతను 2001లోనే చనిపోయాడని.

ఆ చావు అతికించినట్టుందని చాలామంది విసుక్కున్నారు. నన్ను కలచివేసింది చావు కాదు. అన్నేళ్లు ఒక్కరూ ఆమెకు ఆ మాట చెప్పకపోవడం. తనను వద్దనుకున్నాడన్న తప్పుడు నమ్మకంతో ఒక మనిషి యౌవనమంతా గడిపింది.

1999 మనకూ పెద్ద ఏడాదే. 2000 సంవత్సరం రాకముందే కంప్యూటర్లలో తేదీల లెక్క సరిచేసే వైటూకే పనుల పుణ్యాన మనలో ఎందరో ఆ రోజుల్లోనే ఈ దేశంలో అడుగుపెట్టారు. అప్పటి నుంచి మన ఇళ్లలో దాచిపెట్టడం ఒక మర్యాదగా స్థిరపడిపోయింది. మా నాన్నకు గుండెపోటు వచ్చిన సంగతి, ఆయన ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాకే నాకు తెలిసింది. అంతవరకూ ఎప్పుడు ఫోను చేసినా “ఇప్పుడే పడుకున్నారు నాన్నా” అనేది అమ్మ. ప్రేమతోనే అన్నది. ఆ ప్రేమను నేను కాదనను. కానీ ఆ రోజుల్లో ఆయన పక్కన ఉండే అవకాశం నాకు లేకుండా పోయింది.

ఇప్పుడు మన పిల్లలు మనతో అదే చేస్తున్నారు. స్నేహం చెడినా, మనసు విరిగినా “తలనొప్పి” అని పడుకుంటారు. ఈ వయసులో ప్రేమేమిటి, ముందు చదువు చూసుకో అని మనం అంటామని వాళ్లకు ముందే తెలుసు. పదిహేడేళ్ల వయసులోని దుఃఖాన్ని ఈ సినిమా ఒక్కసారి కూడా చిన్నబుచ్చదు. పిల్లలు దాన్ని గుండెకు హత్తుకున్నది అందుకే.

శనివారం విందుల్లో పెద్దలం పైన బిర్యానీ, రాజకీయాలతో ఉంటాం, పిల్లలు కింద బేస్‌మెంట్‌లో ఫోన్లతో ఉంటారు. వచ్చే విందుకు భోజనాలు పెందలాడే ముగించి, పెద్దలంతా ఆ మెట్లు దిగి పిల్లల పక్కన కూర్చుని ఈ రెండు గంటల సినిమా చూడాలని మన తెలుగు సంఘ సభ్యులందరినీ కోరుతున్నాను. మధ్యలో లేచి టీ పెట్టడానికి వెళ్లకండి. అయిపోయాక ప్రశ్నలు వేయకండి. మీ పదిహేడో ఏట మీకేం జరిగిందో మీరే ముందు చెప్పండి.